పాప 400 మీటర్ల టైమింగ్ ఎంతవరకు నమ్మొచ్చు? ఆసియా క్రీడల ముందు మన గ్రౌండ్ల మాట

నరసాపురం నాన్న

అందరికీ నమస్కారమండి. మా చిన్నమ్మాయి తొమ్మిదో తరగతి. స్కూల్లో 400 మీటర్లు పరిగెడుతుంది. తణుకు అమ్మాయి దండి జ్యోతికశ్రీ పారిస్ ఒలింపిక్స్‌లో 4×400 రిలే పరిగెత్తినప్పటి నుంచి దానికి అదే లోకం. 2026 సెప్టెంబర్ 19 నుంచి అక్టోబర్ 4 వరకు జపాన్‌లో ఐచి–నగోయాలో ఆసియా క్రీడలని గోడ మీద క్యాలెండర్‌లో గీతలు పెట్టుకుంది.

నా సందేహం ఇదండి. మొన్న వాళ్ళ పీఈటీ మాస్టారు స్టాప్‌వాచ్ పెట్టి 61 సెకన్లు అన్నారు. మా బావగారు వెంటనే "ఇంకేం, అకాడమీ హాస్టల్లో వేసెయ్" అంటున్నారు. ఇంకొకాయన చేత్తో పట్టిన టైముకి విలువే లేదంటున్నారు. హిమా దాస్ 2018లో జకార్తా ఆసియా క్రీడల్లో పెట్టిన జాతీయ రికార్డు 50.79. దానికీ తనకీ పది సెకన్లే తేడా అని పాప లెక్కలేసుకుంటోంది. నాకు టెన్షన్ అక్కడే. ఆ 61 నిజం కాకపోతే ఇల్లు వదిలి అంత దూరం పంపి దాన్ని కష్టపెట్టినవాణ్ణి అవుతాను. నిజమైతే ఇక్కడే ఉంచి దాని దారికి అడ్డం పడినవాణ్ణి అవుతాను.

ఇంకో బాధ కూడా ఉంది. ఆ మధ్య ఒక మీట్‌కి తీసుకెళ్ళాను. ముందురోజు వాన, గ్రౌండంతా బురద. రెండు హీట్లు (ఫైనల్‌కి ముందు విడివిడిగా పెట్టే పరుగులు) పెట్టి, ఒక్కో హీట్ నుంచి మొదటి ఇద్దరినే తీసుకున్నారు. టైము ఎవరూ రాసుకోలేదు. మా పాప తన హీట్‌లో మూడోది. రెండో హీట్ గెలిచిన అమ్మాయి కంటే మా పాపే తక్కువ టైములో వచ్చిందని నాకు అనిపించింది. కానీ నాకు అనిపిస్తే ఏం లాభమండి, కాగితం మీద ఉండాలి కదా. అడిగితే "ప్లేసులే ముఖ్యం" అన్నారు. తెలిసినవాళ్ళు చెప్పండి.

తణుకు కుర్రాడు

బాబాయ్, పాపకి నా తరఫున శుభాకాంక్షలు చెప్పండి. జ్యోతికశ్రీ గారి సంగతి చాలామందికి పారిస్ వరకే తెలుసు. అసలు కథ అంతకుముందు 2024 మేలో బహమాస్‌లో నసావులో జరిగింది. ప్రపంచ రిలేల మొదటి రౌండులో మన అమ్మాయిలకి ఒలింపిక్ బెర్తు దొరకలేదు. మర్నాడు రెండో రౌండులో రూపల్ చౌధరి, పూవమ్మ, జ్యోతికశ్రీ, శుభా వెంకటేశన్ కలిసి 3:29.35లో హీట్‌లో రెండో స్థానంలో వచ్చి బెర్తు తెచ్చారు. పారిస్‌లో హీట్ దాటలేదు, నిజమే. అయినా అక్కడిదాకా చేరడానికే ఎంత కావాలో పరిగెత్తినవాళ్ళకి తెలుస్తుంది.

గౌతమి గట్టు, రావులపాలెం

నరసాపురం నాన్నగారూ, నేను డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యాను. మీ ప్రశ్నలో రెండు ప్రశ్నలున్నాయి, విడివిడిగా చెబుతాను.

మొదటిది, స్టాప్‌వాచ్. చేత్తో పట్టిన టైము ఎప్పుడూ అసలు కంటే కాస్త తక్కువే చూపిస్తుంది. స్టార్ట్ అయ్యాక చూసి నొక్కుతాం కాబట్టి మొదట్లో కొంచెం ఆలస్యం అవుతుంది. ఫినిష్‌లో మాత్రం మనిషి వస్తుండటం కనిపిస్తుంది కాబట్టి వేలు ముందే సిద్ధంగా ఉంటుంది. అందుకే చేతి టైముని ఎలక్ట్రానిక్ టైముతో పోల్చాల్సి వచ్చినప్పుడు 100, 200 మీటర్లకి 0.24 సెకను, 400కి 0.14 కలపడం అలవాటు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో మిల్ఖా సింగ్ నాలుగో స్థానంలో వచ్చిన పరుగుకి స్టాప్‌వాచ్ 45.6 అంది, యంత్రం 45.73 అంది. మనిషీ ఒకడే, పరుగూ ఒకటే, టైములు మాత్రం రెండు. నిబంధనల ప్రకారం చేతి టైముకి ముగ్గురు ఉండాలి. తుపాకీ శబ్దం విని కాదు, పొగో మెరుపో చూసి నొక్కాలి. మూడు వాచీలు మూడు రకాలుగా చెబితే మధ్యది తీసుకోవాలి. వాచీ సరిగ్గా పదో వంతు మీద ఆగకపోతే పై పదో వంతుకే వెయ్యాలి. శబ్దం సెకనుకి సుమారు 340 మీటర్లు పోతుంది. 100 మీటర్ల పరుగులో ఫినిష్ దగ్గర నిలబడి విజిల్ విని నొక్కితే అక్కడే 0.3 సెకను పోయినట్టు. మన స్కూళ్ళలో 100 మీటర్లకి వినిపించే అద్భుతమైన టైములు చాలావరకు ఇలా పుట్టినవే. 400లో స్టార్టు, ఫినిషు దగ్గర దగ్గరగా ఉంటాయి కాబట్టి ఆ బెడద తక్కువ. ఆ లెక్కన మీ 61లో వాచీ వల్ల వచ్చే తప్పు మహా అయితే అర సెకను.

రెండో ప్రశ్నే అసలుది. ఆ గ్రౌండ్ పొడవెంత? ఎవరు కొలిచారు? ఎప్పుడు కొలిచారు? పాప గీతకి ఎంత దగ్గరగా పరిగెత్తింది? అది విడిగా పరిగెత్తిన 400యా, రిలేలో ఒక లెగ్గా, అంటే నలుగురిలో ఒకరి వంతు పరుగా? రిలేలో రెండో లెగ్ నుంచి కదులుతూ బ్యాటన్ అందుకుంటారు కాబట్టి ఆ టైము ఎప్పుడూ తక్కువే ఉంటుంది. ఇవి చెప్పండి.

నరసాపురం నాన్న

విడిగానే పరిగెత్తింది మాస్టారూ, రిలే కాదు. గ్రౌండ్‌ని అందరూ "ఫోర్ హండ్రెడ్ గ్రౌండ్" అంటారు. కొలిచినవాళ్ళు ఎవరో అడిగితే స్కూల్లో ఎవరికీ తెలియలేదు. ప్రతి ఏడూ పాత గీత జాడ చూసి దాని మీదే సున్నం వేస్తారట.

భీమవరం చెరువుగట్టు

నేను ఒప్పుకోనండి. పోటీ అంటే పక్కవాళ్ళని దాటడం. పరిగెత్తే పిల్ల ఎవరో చూస్తే తెలిసిపోతుంది, దానికి టేపులూ వాచీలూ ఎందుకు? హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మన మగవాళ్ళ 4×400 జట్టు బంగారం తెచ్చింది. ఆ టైము ఎంతో ఇక్కడ ఎంతమందికి గుర్తుంది? బంగారం గుర్తుంది. మా ఊళ్ళో ఒక కుర్రాడుండేవాడు, చెరువు గట్ల మీద మేత బస్తా భుజాన వేసుకుని పరిగెత్తేవాడు. వాణ్ణి ఎవరూ కొలవలేదు. కానీ వాడు అందరికంటే జోరని ఊరంతటికీ తెలుసు.

తణుకు కుర్రాడు

3:01.58. అనస్, అమోజ్ జాకబ్, అజ్మల్, రాజేశ్ రమేశ్. నాకు గుర్తుందండి.

గౌతమి గట్టు, రావులపాలెం

చెరువుగట్టు గారూ, ఆ కుర్రాడి సంగతి చదివి మనసు బాధపడింది. వాడు జోరని ఊరికి తెలుసు, ఊరు దాటితే ఎవరికి తెలుసు? వాణ్ణి కొలిచి ఒక కాగితం మీద రాసి ఉంటే, ఆ కాగితం వాడి తరఫున ఇంకో ఊరు వెళ్ళి మాట్లాడేది. పక్కవాళ్ళని దాటడం మండలం వరకు సరిపోతుంది. ఆ పైన పిలుపు టైముని చూసి వస్తుంది.

ఉక్కు సముద్రం, విశాఖ

కొలత ఎందుకు అన్నవాళ్ళ కోసం మా విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజీ సంగతి రాస్తున్నాను. ఆమె ప్రయాణమంతా కొలతలతో పేచీయే.

100 మీటర్ల హర్డిల్స్‌లో 2002 నుంచి అనురాధా బిస్వాల్ రికార్డు 13.38 ఉండేది. 2020లో మూడబిద్రిలో అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో జ్యోతి 13.03 పరిగెత్తింది. అక్కడ డోప్ పరీక్ష జరగలేదు, జాతీయ సమాఖ్య సాంకేతిక ప్రతినిధి లేరు కాబట్టి రికార్డుగా లెక్కలోకి రాలేదు. 2022లో కోజికోడ్‌లో 13.09 పరిగెత్తింది. వెనక నుంచి వీచిన గాలి సెకనుకి 2.1 మీటర్లు. పరిమితి 2.0. అదీ పోయింది! నెల తిరిగిన కొద్ది రోజులకే సైప్రస్‌లో లిమసోల్‌లో 13.23 పరిగెత్తింది, అది నిలబడింది. చూడండి, ముందటి రెండూ దీనికంటే మంచి టైములే. కానీ పుస్తకంలోకి ఎక్కింది సరిగ్గా కొలిచినదే.

తర్వాత 2023 ఆగస్టులో చెంగ్డూలో 12.78. పారిస్‌కి నేరుగా అర్హత 12.77. ఒక్క సెకనులో నూరో వంతు! 2024లో ఫిన్లాండ్‌లో మళ్ళీ సరిగ్గా 12.78. చివరికి ప్రపంచ ర్యాంకింగ్ ద్వారా వెళ్ళి, ఒలింపిక్స్‌లో ఆ ఈవెంట్ పరిగెత్తిన మొదటి భారతీయురాలైంది.

ఇక హాంగ్‌జౌ ఫైనల్, 2023 అక్టోబర్ 1. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరూ అన్నం ముట్టలేదు. పక్క లేన్‌లో చైనా అమ్మాయి వూ యన్నీ తుపాకీ పేలకముందే కదిలింది, ఆమెని చూసి జ్యోతి కూడా లేచింది. మొదట ఇద్దరినీ తప్పించారు. జ్యోతి ట్రాక్ వదిలి వెళ్ళలేదు, అక్కడే నిలబడి అడిగింది. అధికారులు వీడియో చూశారు. చివరికి ఇద్దరినీ పరిగెత్తనిచ్చారు. రేసులో జ్యోతి 12.91తో మూడోది. ఆ తర్వాత వూ యన్నీని తొలగించి జ్యోతికి వెండి ఇచ్చారు. 2010 నుంచి ఒక్క తప్పు స్టార్టుకే బయటికి పంపుతున్నారు. తుపాకీ పేలాక 0.100 సెకను లోపు కదిలినా తప్పు స్టార్టే. స్టార్టింగ్ బ్లాకుల్లో దాన్ని పట్టే యంత్రం ఉంటుంది. అంత యంత్రం ఉన్నా మనిషి నోరు తెరిచి అడగాల్సి వచ్చింది. పాపకి ఇది తప్పకుండా చెప్పండి. తన రేసులో తేడా జరిగితే ఏడవకుండా, గొడవ పడకుండా, అక్కడే నిలబడి అడగాలని.

అదే క్రీడల్లో జావెలిన్‌లో నీరజ్ చోప్రా మొదటి త్రోనే సరిగా కొలవలేకపోయారు, మళ్ళీ వేయించారు. కిశోర్ జెనా రెండో త్రోకి ఎర్ర జెండా ఎత్తారు. అభ్యంతరం చెప్పాక సరైనదని ఒప్పుకున్నారు. చివరికి 88.88తో నీరజ్‌కి బంగారం, 87.54తో జెనాకి వెండి.

భీమవరం చెరువుగట్టు

గాలి కూడా కొలుస్తారని నాకు తెలియదండి. 2.1కి పోయిందంటే పాపం.

ఉక్కు సముద్రం, విశాఖ

100, 200, పొట్టి హర్డిల్స్, లాంగ్ జంప్, ట్రిపుల్ జంప్ వీటికే గాలి లెక్క. 400 మీటర్లకి లేదు. రౌండు తిరుగుతారు కాబట్టి ఒకవైపు తోసిన గాలే ఇంకోవైపు ఎదురొస్తుంది. మీ కోస్తా పిల్లలకి అది మంచిదే.

కోనసీమ కోడలు, అమలాపురం

నాన్నగారూ, ఒక తల్లిగా నా మాట కూడా వినండి. ఇక్కడ అందరూ గడియారం గురించే మాట్లాడుతున్నారు. పద్నాలుగేళ్ళ పిల్ల ముందు రోజూ సాయంత్రం గడియారం పెట్టకండి.

మా పెద్దమ్మాయి కూడా పరిగెత్తేది. ఎనిమిదిలో ఉన్నప్పుడు చకచకా టైము తగ్గింది. తొమ్మిదికొచ్చేసరికి ఆగిపోయింది, కొంచెం పెరిగింది కూడా. ఆ వయసులో ఆడపిల్లల ఒళ్ళు మారుతుంది, బరువు మారుతుంది. ఇది మాకెవరూ చెప్పలేదు. "బద్ధకం వచ్చింది" అన్నారు అందరూ. అది విని విని మానేసింది. తర్వాత ఎప్పుడో పరీక్ష చేయిస్తే రక్తం బాగా తక్కువుంది. ముందే తెలిస్తే ఆకుకూర, బెల్లం, గుడ్డు, డాక్టరు చెప్పిన ఐరన్ మాత్రలతో సరిపోయేది. కాబట్టి టేపు కొనే ముందు పాపకి హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. నెలసరి రోజుల్లో తను పరిగెత్తుతానంటే పరిగెత్తనివ్వండి, వద్దంటే అడగకండి.

మా అమలాపురం అబ్బాయి సాత్విక్ సాయిరాజ్ హాంగ్‌జౌలో చిరాగ్‌తో కలిసి బ్యాడ్మింటన్ డబుల్స్ బంగారం తెచ్చినప్పుడు ఊరంతా పండగ చేశారు. అప్పుడు నాకు అనిపించింది, షటిల్ కోర్టుకి ఒక గదంత చోటు చాలు, పైన రేకులేస్తే వాన గొడవ లేదు. పరిగెత్తే పిల్లకి ఆ చోటే లేదు. కాలవ గట్టు మీద తెల్లారగట్ల ఆడపిల్ల ఒక్కతీ పరిగెత్తాలంటే ఇంట్లో ఎవరో ఒకరు బండి మీద వెనక వెళ్ళాలి.

గౌతమి గట్టు, రావులపాలెం

అమ్మా, మీ మాట నూటికి నూరుపాళ్ళు నిజం. నెలకి ఒకసారి టైము చాలు. మిగతా రోజుల్లో పాప ఆడుకున్నట్టు పరిగెత్తాలి. అయితే ఆ నెలకొక్కసారి పట్టింది మాత్రం నిక్కచ్చిగా ఉండాలంటాను. మీ పెద్దమ్మాయి విషయంలో కూడా నెలనెలా రాసిన కాగితం ఉంటే, ఫలానా నెల నుంచి తగ్గింది, ఎందుకో చూద్దామని ఎవరో ఒకరు ఆగేవారు. బద్ధకం అని తేల్చేసేవారు కాదు.

కోనసీమ కోడలు, అమలాపురం

కాగితం ఉన్నా మా ఇంట్లో బద్ధకమనే అనేవారు మాస్టారూ. చదివేవాళ్ళకి తెలియాలి కదా. ఈ విషయంలో మీతో పూర్తిగా ఏకీభవించలేను.

కాకినాడ లెవెలు

సర్వే పని చేసుకునేవాణ్ణి. నాన్నగారూ, ఆ గ్రౌండ్‌ని మీరే కొలవొచ్చు. వంపుల్లో టేపు లాగితే అది అడ్డంగా కోసుకుపోతుంది, పొడవు తక్కువ చూపిస్తుంది. సైకిల్ తీసుకోండి. ముందు తిన్నని చోట స్టీలు టేపుతో 50 మీటర్లు గుర్తుపెట్టి, సైకిల్ నడిపించుకుంటూ ముందు చక్రం ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టండి. ట్యూబు వాల్వు దగ్గర గుడ్డ ముక్క కడితే లెక్క తప్పదు. 50ని ఆ చుట్లతో భాగిస్తే ఒక్క చుట్టుకి ఎంతో తేలుతుంది. తర్వాత గ్రౌండ్ లోపలి గీతకి 20 సెంటీమీటర్ల బయటగా సైకిల్ నడిపించండి. గట్టు లేకుండా గీత మాత్రమే ఉన్న ట్రాక్‌కి అధికారికంగా కొలిచేది ఆ 20 సెంటీమీటర్ల దగ్గరే. లోపల ఎత్తైన అంచు ఉన్న పెద్ద ట్రాకులకి 30 సెంటీమీటర్ల దగ్గర కొలుస్తారు. టైర్లో గాలి రెండుసార్లూ ఒకేలా ఉండాలి.

పాప గీతకి అర మీటరు దూరంగా తిరిగితే రౌండుకి 3.14 మీటర్లు ఎక్కువ పరిగెత్తినట్టు. గ్రౌండ్ చిన్నదైనా పెద్దదైనా ఈ తేడా ఇంతే. లేన్లకి కూడా అదే సూత్రం. లేన్ వెడల్పు 1.22 మీటర్లు కాబట్టి గీతల ట్రాక్ మీద ఒక్కో లేన్ బయటికి జరిగేకొద్దీ రౌండుకి 7.67 మీటర్లు ముందు నిలబెట్టాలి. మన మీట్లలో ఆ "ముందు" కంటిచూపుతో వేస్తారు, అక్కడే చాలామంది పిల్లలకి అన్యాయం జరుగుతుంది.

400 మీటర్ల ట్రాక్‌కి మన స్కూళ్ళలో చోటు దొరకదు. 200 మీటర్లది వేసుకోండి, రెండు రౌండ్లు తిరగాలి. 40 మీటర్ల పొడవు, 37.8 మీటర్ల వెడల్పు ఉన్న చతురస్రం గీయండి. మూలమట్టం సరిగా ఉందో లేదో ఐమూల కొలిచి చూడండి, 55.03 రావాలి. రెండు ఐమూలలూ సమానంగా రావాలి. ఆ 37.8 వైపుల మధ్యలో మేకు కొట్టి 18.9 మీటర్లతో అర్ధవృత్తం తిప్పండి. నైలాన్ తాడు వద్దు, సాగుతుంది. నాలుగు లేన్లతో కలిపి సుమారు 88 మీటర్ల పొడవు, 48 మీటర్ల వెడల్పు పడుతుంది. ఎకరం పాతిక సెంట్లు ఉంటే చుట్టూ నిలబడే చోటు కూడా మిగులుతుంది.

తణుకు కుర్రాడు

చతురస్రం కాదండి, దీర్ఘచతురస్రం. మిగతాదంతా స్క్రీన్‌షాట్ తీసుకున్నాను, మా కాలేజీ సీనియర్లకి పంపిస్తాను.

గౌతమి గట్టు, రావులపాలెం

లెవెలు గారి లెక్కకి మట్టి సంగతి కలుపుతాను. మన డెల్టా నల్లమట్టి తడిస్తే కాలికి పట్టుకుంటుంది, ఎండితే బీటలిస్తుంది. ఆ రెండింటి మధ్య మంచిగా ఉండే రోజులు తక్కువ. ట్రాక్‌ని ఊరికే చదును చేస్తే నీళ్ళు నిలుస్తాయి. లోపలివైపుకి నూటికి ఒకటి వాలు పెట్టొచ్చని అంతర్జాతీయ నిబంధనే ఒప్పుకుంటుంది. అంటే నాలుగు లేన్ల వెడల్పుకి దాదాపు 5 సెంటీమీటర్లు. లోపలి అంచు వెంట చిన్న బోదె తీసి, దాన్ని బయట మురుగు కాలవలో కలపాలి. పైన గ్రావెల్ పరిచి, కొంచెం ఇసుక చల్లి, తడిపి రోలర్ తిప్పాలి. పని మొదలుపెట్టడానికి దాళ్వా కోతలయ్యాక కాలవలు కట్టేసే రోజులు మంచివి. ట్రాక్టర్లూ దొరుకుతాయి, భూమీ ఆరి ఉంటుంది.

చాలామంది మన వాతావరణాన్ని అంటారు, ఉక్కపోతకి పిల్లలు నిలవలేరని. కేరళలో లేదా ఉక్కపోత? పి.టి. ఉష ఎక్కడినుంచి వచ్చింది? 1986 సియోల్ ఆసియా క్రీడల్లో నాలుగు బంగారాలు, ఒక వెండి. అంతకు రెండేళ్ళ ముందు లాస్ ఏంజెలిస్‌లో 400 మీటర్ల హర్డిల్స్‌లో 55.42తో నాలుగోది, సెకనులో నూరో వంతుతో కంచు పోయింది. హాంగ్‌జౌ హీట్లలో విత్యా రాంరాజ్ సరిగ్గా అదే 55.42 పరిగెత్తి ఉష జాతీయ రికార్డుని సమం చేసింది. అన్నేళ్ళ తర్వాత ఇద్దరినీ పక్కపక్కన పెట్టి చూడగలిగాం. ఇద్దరి ట్రాకులూ ఒకే పొడవు, ఇద్దరికీ యంత్రం పట్టిన టైమే.

పాపకి రిలే ఇష్టం అన్నారు కాబట్టి ఒక మాట. 4×400లో మొదటి లెగ్ మొత్తం ఎవరి లేన్లో వాళ్ళే. రెండో లెగ్ అమ్మాయి మొదటి వంపు వరకే తన లేన్లో ఉండాలి, అక్కడ గీత దాటాక లోపలికి రావొచ్చు. పారిస్‌లో జ్యోతికశ్రీ చేసిన పని అదే. ఆ గీత దాటేచోట ఎనిమిది మంది ఒకేసారి లోపలికి దూసుకొస్తారు. తొందరపడి ముందే వచ్చేస్తే జట్టంతా పోతుంది. భయపడి ఆలస్యం చేస్తే వంపు బయట తిరగాలి. హాంగ్‌జౌ మిక్స్‌డ్ రిలేలో మనవాళ్ళు మూడోవాళ్ళుగా వచ్చారు. శ్రీలంక జట్టు లేన్ తప్పిందని తొలగించాక మనకి వెండి వచ్చింది. అందుకే సున్నం గీత తిన్నగా వెయ్యని గ్రౌండ్ మీద రిలే నేర్పడం నాకు ఇష్టం ఉండేది కాదు. గీతని గౌరవించడం పిల్లకి అక్కడే అలవాటవ్వాలి.

నరసాపురం నాన్న

మాస్టారూ, లెవెలు గారూ, అందరికీ దణ్ణాలండి. ఈ ఆదివారం పీఈటీ మాస్టారు, నేను, పాప, ఇంకో ఇద్దరు పిల్లలు కలిసి సైకిల్‌తో కొలిచాం. సందేహం తీరక రెండోసారి కూడా కొలిచాం. 372 మీటర్లు. మన "ఫోర్ హండ్రెడ్ గ్రౌండ్" 28 మీటర్లు తక్కువ. పీఈటీ మాస్టారు పాపం చాలాసేపు మాట్లాడలేదు. ఇన్నాళ్ళూ ఆ గ్రౌండ్ మీద ఎంతమంది పిల్లల పేర్లు రాశారో ఆయనకి గుర్తొచ్చినట్టుంది.

61 సెకన్లు 372కి అంటే, అదే జోరు మీద 400కి 65.6. 28 మీటర్లు ముందుకి ఫినిష్ గీత వేసి, ఇద్దరం వాచీలు పట్టి నిన్న పాపని పరిగెత్తించాం. నాది 66.8, మాస్టారిది 66.9. 66.9 రాసుకున్నాం. పాపకి మొదట కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. హిమోగ్లోబిన్ పరీక్షకి కూడా ఇచ్చాం అమ్మా, రేపు రిపోర్టు.

మా బావగారికి ఈ చర్చ మొత్తం చదివి వినిపించాను. ఇప్పుడు హాస్టల్ మాట ఎత్తట్లేదు. పంపాలా వద్దా అన్నదానికి నాకు ఇంకా జవాబు లేదు.

గౌతమి గట్టు, రావులపాలెం

బాబూ, 66.9 చిన్న సంగతి కాదు. స్పైక్స్ (మేకుల బూట్లు) లేకుండా, మట్టి మీద, సరైన శిక్షణ లేకుండా వచ్చిన టైము అది. పైగా ఇది నిజమైన టైము. 61 ఎంత గొప్పదైనా దాని మీద ఏమీ కట్టలేం. ఈ ఏడు ఎక్కడికీ పంపొద్దు. నెలకోసారి పట్టండి, తేదీతో పాటు గ్రౌండ్ తడిగా ఉందా పొడిగా ఉందా అన్నది కూడా రాయండి. వచ్చే ఏడాదికి ఆ కాగితం మీద అంకెలు దిగుతూ ఉంటే, ఎలక్ట్రానిక్ టైమింగ్ ఉన్న మీట్‌కి ఒకసారి తీసుకెళ్ళండి. హాస్టల్ ఆలోచన ఆ తర్వాత. ఇంకోసారి ఎక్కడైనా హీట్లు పెట్టి టైము రాయకపోతే, రేసు మొదలవ్వకముందే మర్యాదగా అడగండి, అయిపోయాక కాదు.

కోనసీమ కోడలు, అమలాపురం

రిపోర్టు రాగానే చెప్పండి నాన్నగారూ. ఎంతుందో చూసి ఏం పెట్టాలో నేను రాస్తాను, డాక్టరునీ అడగండి.

భీమవరం చెరువుగట్టు

లెవెలు గారూ, మా ఊరి హైస్కూల్ వెనక స్థలం ఉంది, ముళ్ళకంప పెరిగి పడి ఉంది. హెడ్మాస్టారితో మాట్లాడాను, ఆయనకి ఇష్టమే. కంప కొట్టించి చదును చేయించే ఖర్చు నేను పెట్టుకుంటాను. గ్రావెల్‌కి ఇంకో ఇద్దరు రైతుల్ని అడుగుతాను. మీరొచ్చి మేకులు కొట్టి పెడతారా?

కాకినాడ లెవెలు

తప్పకుండా వస్తానండి. కంప కొట్టించాక పొడవు 90 మీటర్లు, వెడల్పు 50 మీటర్లు వస్తుందేమో ముందు చూసి చెప్పండి. వెడల్పు తగ్గితే రెండు లేన్లతో సరిపెడదాం, చుట్టు మాత్రం 200 తగ్గకూడదు. నీళ్ళు ఎటు పోతాయో తెలియాలి కాబట్టి మురుగు కాలవ ఏ వైపుందో ఫోటో తీసి పెట్టండి. కోతలవ్వగానే పరికరంతో వస్తాను. నరసాపురం నాన్నగారూ, అదే దారిలో మీ గ్రౌండ్ కూడా మళ్ళీ కొలుద్దాం. పీఈటీ మాస్టారిని కూడా ఉండమనండి.